టైరు కింద రాయి

అన్నా,

మంచిర్యాల దగ్గర చాయ్ హోటల్ బల్ల మీద కూర్చొని రాస్తున్నాను. నీ అస్థికలు తీసుకొని నీ జీపులోనే కాశీకి పోతున్నాం. వదిన రైలు వద్దంది. "మీ అన్నకు ఈ బండంటే పానం," అంది.

వారమంతా ఖాదర్ భాయ్ షెడ్డులోనే ఉన్నాను. బ్రేకులు చేయించాను. ఫోర్ వీల్ గేరు సరిచేయించాను. నువ్వు ఏళ్లుగా వాయిదా వేసిన సెల్ఫ్ కూడా ఇప్పుడు పనిచేస్తోంది.

"ఇగ కట్ట వాలుల ఆపుడు బంద్. తాళం తిప్పితే సాలు, ఫికర్ జెయ్యకు," అన్నాడు భాయ్.

సెల్ఫ్ లేని రోజుల్లో, జారితేనే స్టార్టయ్యే బండిని మన ఊరి మట్టికోట కట్ట వాలులోనే ఆపేవాళ్లం, ముందు టైరుకు రాయి అడ్డం పెట్టి. పొద్దున్నే నువ్వు స్టీరింగ్ దగ్గర కూర్చొని "తియ్యిరా!" అని కేకవేసేవాడివి. నేను రాయి లాగేసి, జారుతున్న బండిలోకి ఉరికి ఎక్కేవాణ్ణి.

నిన్న సాయంత్రం కూడా అలవాటుగా అక్కడే ఆపాను.

ఈ పొద్దున కొబ్బరికాయ కొట్టాం. గుడ్డ కట్టిన కుండను వదిన ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. తాళం తిప్పగానే స్టార్టయింది. గేరు వేస్తే కదల్లేదు. గట్టిగా రేజ్ చేశాను. ముందు చక్రం కొంచెం పైకి లేచి, వెనక్కి పడింది.

"రాయి ఎవలు తీసిండ్రు మరి?" అంది వదిన.

ఇంజన్ ఆడుతూనే ఉంది. హ్యాండ్ బ్రేకు లాగి నేనే దిగాను.