దాగలి మీద పొద్దుటి దెబ్బ

ఆటోనగర్, విజయవాడ
14-11-2025, శుక్రవారం

హుమాయూన్ భాయ్ గారికి, మీ పక్క షెడ్డు వడ్రంగి దాసు సలాములతో రాసుకుంటున్నది.

ముందుగా నా చేతిరాతకీ తప్పులకీ మన్నించండి. ఐదో తరగతితో బడి ఆగినవాణ్ణి. ఉలి పట్టిన చేతిలో పెన్ను నిలవడం లేదు. మీ అమ్మాయి సల్మాతో చదివించకండి. కళ్లజోడు పెట్టుకుని మీరే నెమ్మదిగా చదువుకోండి.

ప్రభువు దయవల్ల ఇక్కడ తిండికి లోటు లేదు. చల్లపల్లిలో సల్మా, అల్లుడుగారు, మీరు క్షేమమని తలుస్తాను. ఫోను చేస్తే మీరు ఎత్తడం లేదు. ఎత్తినా నాకు ఫోనులో మాట రాదని మీకు తెలిసిందే. అందుకని ఈ ఉత్తరం.

భాయ్, నాకు భయంగా ఉంది.

రెండేళ్ల కిందట మీరు కొలిమి ఆర్పి సల్మా దగ్గరికి వెళ్లేనాటికే పని పలచబడింది. ఇప్పుడు మరీ. ఇదివరకు ఒట్టి లారీ ఛాసిస్ వచ్చేది. డ్రైవరు మొహానికి గుడ్డ చుట్టుకుని, చెక్కపెట్టె మీద కూర్చుని ఎక్కడెక్కడి నుంచో తోలుకొచ్చేవాడు. దానికి క్యాబినూ బాడీ కట్టి, పువ్వులూ నెమళ్లూ వేయించి మనం పంపేవాళ్లం. ఇప్పుడు కంపెనీలే తలుపులూ సీట్లూ అన్నీ బిగించి అమ్ముతున్నాయి. మన వెనక వరసవాళ్లు షెడ్లు అమ్ముకుని వెళ్లిపోయారు. యంత్రం వచ్చి ఒక్క మధ్యాహ్నంలో రేకులన్నీ కిందికి లాగేసింది. అక్కడ పార్సిల్ గోడౌను లేస్తోంది. ఆ రోజు నుంచీ ఏ తెల్ల కారు మన మలుపు తిరిగినా, షెడ్లు కొనేవాళ్లేమోనని చేతిలో పని ఆగిపోతుంది.

పోయిన నెల పరిశ్రమల ఆఫీసువాళ్లు గవర్నర్‌పేటలో ఒక హోటలు హాల్లో మీటింగు పెట్టారు. చచ్చిపోతున్న పనుల్ని ఊళ్లో మళ్లీ ఎలా నిలబెట్టాలని. టీకొట్టు శౌరమ్మ కూడా మాతో వచ్చింది. తెర మీద బొమ్మలు వేశారు. ఒకాయన మనందరినీ ఊరి బయటికి పంపాలన్నాడు. ఇంకొకాయన ఈ జాగాని రాత్రిపూట తిండి బజారు చేస్తే జనం వస్తారన్నాడు. శౌరమ్మ నా చెవి దగ్గర వంగి, లారీలు కట్టేవాళ్లని పంపేసి బజ్జీలు వేస్తారంట దాసుగారూ, నాకు చేతినిండా పనే, మీరే ఉల్లిపాయలు తరగడం నేర్చుకోవాలి అంది.

చివరికి ఒక దారి తేలింది. కరెంటు ఆటోలకీ, తిండి అమ్మే వ్యాన్లకీ బాడీలు కట్టే పని ఇక్కడికి తెస్తారు. పెద్ద మిషన్లు ఎవరికి వాళ్లు కొనలేరు కాబట్టి వరసకొక ఉమ్మడి షెడ్డు వేసి అందులో పెడతారు. కుర్రాళ్లకి జీతమిచ్చి మన దగ్గర నేర్పిస్తారు. విన్నంతసేపూ ప్రాణం లేచొచ్చింది. అప్పుడు షరతు చెప్పారు. బండి కట్టడానికి కావలసిన చేతులన్నీ ఆ వరసలో ఉండాలి. కమ్మరి, వడ్రంగి, రేకు పనివాడు, పెయింటరు, సీట్లు కుట్టేవాడు. ఒక్కటి తెగినా ఆ వరసకి ఏమీ రాదు, స్థలం గోడౌన్లకి పోతుంది. మన వరసకి కమ్మరి మీరొక్కరే. ఆ మాట వినగానే మనవాళ్లంతా నేలచూపులు చూశారు.

మీరు పెట్టిన పద్ధతి నేను తప్పలేదు. షెడ్డు వదిలి వెళ్లేవాడు తాళం పక్కవాడికిచ్చి వెళ్లాలి. పక్కవాడు రోజూ పొద్దున్నే తలుపు తీసి ఆ పనిముట్టుని ఒకసారి పలికించాలి. వెళ్లినవాడు వచ్చేదాకా అది మూసిన షెడ్డు కాదు. మీరు వెళ్లిన మర్నాటి నుంచీ నేను మీ దాగలి మీద సుత్తితో ఒక దెబ్బ వేసి, ఆ ఇనప దిమ్మ దుమ్ము తుడిచి, అప్పుడు నా పనిలోకి వెళ్తున్నాను.

ముప్పు అక్కడే వచ్చింది. మీటింగు అయ్యాక, ఏ వరసలో ఏ పని నడుస్తోందో లెక్క రాసుకు రమ్మని రుచిత అనే అమ్మాయిని ఆఫీసు పంపింది. మంచి పిల్ల. ఎండలో గొడుగు లేకుండా షెడ్డు షెడ్డూ తిరిగింది. ఆ పిల్ల వరసలో అడుగుపెట్టేసరికి మీ షెడ్డులోంచి దెబ్బ వినిపించింది. నేను సుత్తితో బయటికి వచ్చాను. కొలిమి నడుస్తోందా తాతగారూ అని అడిగింది. చెప్పాల్సింది చాలా ఉంది. తల ఊపాను. ఆ పిల్ల సంతోషపడి రాసుకుని వెళ్లిపోయింది.

పెయింటరు మునీర్‌కి సంగతి తెలిసి, బాబాయ్, నలభై ఏళ్లలో ఒక్క అబద్ధం ఆడావు, అదీ నోరు తెరవకుండా అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మొన్న కబురు వచ్చింది. మన వరస పేరు లిస్టులో ఎక్కిందట. వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం పెద్దాఫీసరు వస్తారు. ఆయన ముందు కొలిమి రాజేసి, ఇనుము కాల్చి, బాడీని ఛాసిస్‌కి కరిపించే యు-బోల్టు ఒకటి వంచి చూపించాలి. చూపించలేకపోతే పోయేది నా ఒక్కడి షెడ్డు కాదు. నా తల ఊపుడుకి వరసంతా పోతుంది. నమ్మి రాసిన ఆ పిల్లకి మాట వస్తుంది.

నిజం చెప్పేద్దామని బస్సెక్కి ఆ ఆఫీసుకి వెళ్లాను. మెట్ల దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలి పెద్దాయనా అన్నాడు. మంచినీళ్లు కావాలన్నాను. తాగి వచ్చేశాను.

ఎక్కడి నుంచో ఒక కమ్మరిని ఆ పూటకి తెచ్చి నిలబెడదామని మునీర్ అంటున్నాడు. వద్దన్నాను. ఆయన మర్నాడు ఉండడు. అప్పుడు అది అచ్చంగా మోసమవుతుంది. వద్దని నా నోటి నుంచి వచ్చేసరికి అందరూ నావైపే చూశారు.

మీరు రండి భాయ్. ఆ ఒక్క పూటకి కాదు, ఉండిపోవడానికి. గుర్తుందా, సమ్మెట వేసే మనిషి రానప్పుడు నన్ను పిలిచేవారు. మీరు చిన్న సుత్తితో ఎక్కడ తడితే నేను సమ్మెట అక్కడ వేయాలి. మన మధ్య ఒక్క మాట ఉండేది కాదు. ఒకసారి పక్కన పడితే, దాసూ, ఇది నీ టేకు చెక్క కాదు, బతిమాలితే వినదు అన్నారు. నేను భయం లేకుండా చేసిన పని అదొక్కటే. మాట్లాడక్కర్లేదు కదా.

సాయిబుగారు రాకపోతే నేనే చల్లపల్లి వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొస్తానని శౌరమ్మ రాయమంది.

ఇట్లు,
మీ తాళం దాచుకున్న
మరియదాసు

తా.క. శౌరమ్మకి తెలియక అన్న మాట అది. సల్మాని కోప్పడకండి. మీ కుడిచెయ్యి పడిపోయిందని వర్షాకాలంలోనే నాకు ఫోనులో చెప్పి ఏడ్చింది, తను చెప్పినట్టు నాన్నకి తెలియనివ్వద్దంది. ఆ రోజు తల ఊపినప్పుడు నాకు ఆ సంగతి తెలుసు. ఇంతసేపూ ఆఫీసరంటే భయమని రాశాను. భయమే. కానీ దానికి మించి, చేతిని చూసుకుని సిగ్గుపడి మీరు రారేమోనని భయం. చిన్న సుత్తికి ఎడమచెయ్యి చాలు భాయ్. మీరు తట్టి చూపించండి. పటకారు మునీర్ పడతాడు. సమ్మెట నేను వేస్తాను. మీ షెడ్డులో పాత ఇనప ముక్కల మీద రోజూ వేసి చూసుకుంటున్నాను. ఇంకా పక్కకే పడుతోంది. చెప్పేవాళ్లు లేరు. త్వరగా జవాబు రాయండి. ఎడమచేత్తో గీసినా సరే, మీ రాత నేను చదువుకోగలను.