రెండో వత్తి

మనవరాలు రుస్టియాకు, ఓస్టియా నుంచి నాయనమ్మ దీవెనలు.

నువ్వు కార్తేజ్‌కు కాపురానికి వెళ్ళాక మన రెండు వత్తుల దీపంలో నా వైపు వత్తి ఒక్కటే వెలిగిస్తున్నాను. నూనె మాత్రం ఇద్దరికీ సరిపడా, ఎప్పటిలా నాలుగు చెంచాలూ పోస్తున్నాను. వెలిగే దీపాన్ని ఊది ఆర్పడం మనకు లేదు కనుక, అది తనంతట కొండెక్కేదాకా ఎదురుగా కూర్చుంటున్నాను.

"చదివే పిల్ల లేదు, కుట్టే పనీ లేదు. ఎవరికమ్మా ఇంతసేపు ఈ వెలుగు?" అని మన దాసి క్రెస్టే దెప్పింది.

కొలత తప్పిందన్నాను. నా కొలత ఎన్నడూ తప్పదని దానికీ తెలుసు, నీకూ తెలుసు.

చలికాలం పోయి ఓడలు కదలగానే ఒకసారి రా. నీ వత్తి పేని ఉంచాను. పుస్తకం ముగించాలి, ఇంకొక్క చెంచా పొయ్యమని నువ్వు బతిమాలితే, ఈసారి కసరకుండా పోస్తాను.