సిక్ అంటే జబ్బు కాదట!

జులై 7, సోమవారం. ఉదయం 6.10
తీర్మానం! ఇంటర్‌లో చేరినప్పటి నుంచి మా అమ్మాయి నీరజ నాతో మాట్లాడేది రెండే ముక్కలు: "ఊ", "ఏం లేదు". నిన్న ఫోన్లో స్నేహితురాలితో మాత్రం "సిక్! సిక్!" అంటూ గంటసేపు. నెట్‌లో వెతికాను. సిక్ అంటే జబ్బు కాదట, అదిరిపోయింది అని! వాడే పద్ధతి: కళ్లు పెద్దవి చేసి గట్టిగా అనాలి. రోజుకు మూడుసార్లు అంటాను. వారంలో పిల్ల నా పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలి. చెప్పి తీరుతుంది!

జులై 8
నీరజ కొత్త చెప్పులు చూసి "సిక్!" అన్నాను. "ఏంది డాడీ, నువ్వేనా?" అంది. మూడు మాటలు! అభివృద్ధే!
భోజనంలో పప్పు కూడా సిక్ అన్నాను. మా ఆవిడ సూర్యకళ గిన్నె లాగేసుకుంది. "పొద్దుగాల్నుంచి నిలబడి వండితే జబ్బు పప్పా? రేపటి సంది నువ్వే వండుకో పో!"

జులై 9
ఉప్పల్ నుంచి నాచారం వస్తుంటే షేర్ ఆటోలో మంచి పాట. "సిక్!" అన్నాను. డ్రైవర్ బండి పక్కకు ఆపాడు. "వాంతొస్తుందా అన్నా? జర దిగు."
దిగాను. నడిస్తే ఒంటికి మంచిదేగా.

జులై 10
ఇవాళ రాయను.

జులై 11
సరే, రాస్తాను. నా ఉద్యోగం గూడ్స్ యార్డులో వ్యాగన్ల తనిఖీ. పాడైన వ్యాగన్‌ను మేము 'సిక్' అంటాం. అంటే చాలు, సుద్దతో దాని మీద రాసి, విడదీసి, రిపేరుకు పంపేస్తారు. నిన్న కొత్త రంగుతో ఒకటి వచ్చింది. ఏం మెరుపు! నోరు ఊరుకోలేదు. కళ్లు పెద్దవి చేసి, గట్టిగా...
పక్కనున్న మా హెల్పర్ సురేష్ సుద్దతో 'సిక్' అని రాసేశాడు. రైలు రెండు గంటలు ఆగిపోయింది.
పై ఆఫీసరు నరసింహమూర్తి గారు వచ్చారు. "దీనికేం జబ్బయ్యా, దామోదర్?"
"అదిరిపోయింది సార్."
"ఏది అదిరింది? చక్రమా, స్ప్రింగా?"
సంజాయిషీ రాసివ్వాలట. తీర్మానం రద్దు! నీరజ "ఊ" అంటే అదే చాలు. ఛ, చాలదు. బాధగానే ఉంది.

జులై 12, శనివారం. సాయంత్రం 5.40
సంజాయిషీ రాస్తుంటే నీరజ వెనక నిలబడి పైకి చదివింది: "సిక్ అనగా మిక్కిలి బాగున్నదను అర్థమున పలికితిని..." ఆగలేక నవ్వింది. జరిగిందంతా చెప్పించుకుంది. స్ప్రింగు దగ్గరికొచ్చేసరికి కడుపు పట్టుకుని కింద కూలబడింది. తర్వాత మెల్లగా తన సంగతి. "ఫిజిక్స్ ఏం సమజైతలేదు డాడీ. మస్తు భయమైతుంది." నాతో చెప్పింది! నలభై నిమిషాలు! కళ్లలో నీళ్లు తిరిగాయి, దగ్గు నటించాను.
లేస్తూ అంది: "డాడీ, సిక్ పాతగైంది. ఇప్పుడు అందరం ఫైర్ అంటున్నం."
తీర్మానం, సోమవారం నుంచి: 'ఫైర్!' రోజుకు మూడుసార్లు, గట్టిగా. యార్డులో మాత్రం పెట్రోలు ట్యాంకర్లు వెళ్లిపోయాకే.