జానెడు ఎత్తు

కంచరపాలెం, 1983

వరహాలు బావకి,

కాలు విరిగి మంచం దిగలేక ఈ ఉత్తరం పంపుతన్నాను. తెచ్చినావిడ దేవకుమారిగారు, ఎమ్మే చదివారు. నాను రాసిన క్రేను నడిపే పద్ధతి కాగితాన్ని ఇంగ్లీషులోకి మారుస్తన్నారు.

డిగ్రీ లేనోడి చేత రాయించొద్దని ఆఫీసోళ్లంటే, ఇరవయ్యేళ్ల అనుభవం సాలదా అని నువ్వే కొట్లాడావు. ఆవిడ ఎప్పుడూ క్రేను ఎక్కలేదు. ఇందాక ఒకటే అడిగారు: "బరువు పైకెత్తాక బ్రేకు పట్టకపోతే ఎలాగండీ?"

నవ్వొచ్చింది నాకు. ముందు జానెడు లేపి, ఆపి, బ్రేకు సూసుకున్నాకే కదా పైకెత్తుతాం. ఏదీ చూపించండన్నారు. ఎంత వెతికినా కాగితంలో ఆ మాట లేదు బావా. రోజూ నా చెయ్యి దానంతటది చేసే పని, రాయాలని నాకు తోచనే లేదు.

ఇయ్యాల మధ్యాన్నం షిఫ్టులో కొత్త కుర్రోళ్లు ఆ కాగితం ఒక్కటే సూసి క్రేను ఎక్కుతారు. బుద్ధిమంతులు, రాసింది రాసినట్టే చేస్తారు. అదే నా భయం.

కొక్కేనికి బరువు తగిలించేది నువ్వు. ముందా కాగితం చింపెయ్, జానెడు మాట ఆ కుర్రోళ్లకి నోటితో చెప్పు. అందాకా కింద నిలబడకు. నాను రాశానన్న ధైర్యంతో అసలే నిలబడకు.

నీ బావమరిది