పడని గోడ

బావగారికి నమస్కారాలు.

వరద తగ్గింది, అందరం ప్రాణాలతో ఉన్నాం. మీ తమ్ముణ్ణి చూస్తేనే భయంగా ఉంది. ఇల్లు పూర్తిగా కూలితేనే ప్రభుత్వం అత్యవసర సాయం ఇస్తుందట, మన ఇంటిలా బీటలు వారితే పైసా రాదట. ఎదురిల్లు కట్టిన మేస్త్రీకి పని రాదని ఈయన ఎప్పుడూ నవ్వేవారు. ఆ ఇల్లు కూలింది, వాళ్లకు సాయం శాంక్షనయింది. "నేనెందుకింత గట్టిగా కట్టి చచ్చానే!" అని నిన్న మన గోడకు తల బాదుకున్నారు.

రేపు అధికారులు చూడ్డానికి వస్తారు. ఇందాకే అత్తయ్యగారిని మంచంతో సహా వీధిలోకి చేర్చారు. మూలనున్న గునపం కనబడటం లేదు. మీ మాటైతే వింటారు. ఈ ఉత్తరం తెచ్చిన పాలవ్యానులోనే వచ్చేయండి. లోపల గడియ పెట్టుకున్నారు. తలుపు కొడుతుంటే, "దూరంగా జరుగు" అంటున్నారు.

మీ మరదలు