పట్టేసిన మూత

ఏవండీ,

భీమడోలు నుంచి కబురొచ్చింది, మా చెల్లి జైనబ్‌కు నొప్పులు మొదలయ్యాయట. తమ్ముడిని తోడు తీసుకుని పొద్దుటి బండికే వెళ్తున్నాను. అన్నం వండి, కొరమీను పులుసు పెట్టాను. చల్లారేదాకా ఆగితే బండి అందదు, తెరిచి ఉంచితే పిల్లి ఊరుకోదు. అందుకని పొగలు కక్కుతుండగానే గిన్నెకు మూత పెట్టేశాను. మీరు దర్జీ కొట్టు కట్టేసి వచ్చేసరికి అది పట్టేసి ఉంటుంది. లాగకండి. కత్తెర అసలే పెట్టకండి. పోయినసారి కత్తెర మొన విరిగింది, మీరేమో ఉత్త ఆవకాయతో తిని, నేను కోపంతో మూత బిగించి పోయానని మా అన్నయ్యతో చెప్పారు. ఆ మాట నేనింకా మరిచిపోలేదు.

నేను బిగించలేదండీ. కడుపునొప్పి వస్తే మీ అమ్మగారు బొడ్డు మీద దీపం పెట్టి చెంబు బోర్లించేవారు, గుర్తుందా? దీపం ఆరి, లోపలి గాలి చల్లబడి తగ్గిపోయేసరికి చెంబు పొట్టను పట్టేసేది. ఇదీ అంతే. లోపలి గాలి చల్లారి కుంచించుకుపోతుంది, బయటి గాలి మూతను అదిమిపెడుతుంది. పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పి ఉంచాను. గిన్నెను కాసేపు ఆ సెగ మీద పెట్టండి. గాలి మళ్లీ ఉబ్బి మూతను తనే వదిలేస్తుంది. మూత కదలగానే దించేయండి. ఒక్కరే కదా అని నిలబడి తినకండి.

సాబిరా

తలకాయ ముక్క అందులోనే ఉంది. కోపమే ఉంటే అది నేనే తినేసి బండెక్కేదాన్ని.