కొట్టేసిన మొదటి వరస

జూన్ 3, మంగళవారం

మామయ్య గెలిచాడు. 56052361 ప్రైమేనట! భాగించి చూడాల్సిన సంఖ్యల పట్టికలో వరసలన్నీ అయిపోయాయి, ఒక్క సంఖ్య కూడా దాన్ని భాగించలేదట. ఫోన్లో రెండుసార్లు చెప్పాడు.

రెండేళ్ళు పట్టింది. అత్తయ్యని ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరది. ఇది ప్రైమేనా లెక్కల మాస్టారూ, అని మంచం మీద నుంచే ఆయన్ని ఆటపట్టించింది. రేపు చెప్తానన్నాడు. ఆ రాత్రే ఆవిడ పోయింది. కంప్యూటర్‌కిస్తే క్షణం పని కదా అన్నానని ఒకసారి నా మీద కస్సుమన్నాడు. అడిగింది కంప్యూటర్ని కాదు, నన్ను, అన్నాడు.

వ్యాసం రాశాడు, అత్తయ్య పేరు మీద. శుక్రవారం మధ్యాహ్నం మా ప్రెస్సులోనే అచ్చుకి వెళ్తుంది, టీచర్ల సంఘం పత్రికలో. సోమవారం ఆయనకి కంటి ఆపరేషన్. బీపీ పెరగనివ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

జూన్ 5, గురువారం, మధ్యాహ్నం 3

వ్యాసంతోపాటు పట్టిక కూడా టైప్ చేస్తున్నాను. మామయ్యకి చూపు ఆనక అది నాచేత గీయించాడు. అడ్డంగా ఒక్కో వరసకి 210 సంఖ్యలు. 2, 3, 5, 7 భాగించేవి తీసేస్తే నలభై ఎనిమిది నిలువు వరసలు మిగిలాయి. ఆయన రోజుకి రెండు మూడు సంఖ్యల చొప్పున ఒక్కో నిలువు వరస వెంట కిందికి దిగుతూ భాగించాడు.

మొదటి నిలువు వరసకి పైన 1 ఉంది. 1 ప్రైము కాదు కదా అని అప్పట్లో కొట్టేశాను. ఒక్క 1ని కాదు. స్కేలు పెట్టి పైనుంచి కింది దాకా వరస మొత్తం.

1 కింద 211 ఉంది. అది ప్రైమే, దాన్నీ కొట్టేశాను.

3:20

211తో భాగించాను. శేషం సున్నా. మూడుసార్లు చేశాను.

6:00

211 × 421 × 631. మూడూ నేను కొట్టేసిన వరసలోవే. ఛీ, ఏం చేతులు నావి!

మరి ప్రైమవునో కాదో ముందే పసిగట్టే ఆ ఫెర్మా పరీక్ష సంగతేంటి? 2తో, 3తో, 5తో పెడితే ప్రతిసారీ ప్రైములాగే పాసైందని వారం రోజులు పొంగిపోయాడే!

చెప్తే బీపీ. చెప్పకపోతే అత్తయ్య పేరు కింద అబద్ధం అచ్చవుతుంది. అదీ వందమంది లెక్కల మాస్టార్ల ముందు.

జూన్ 6, శుక్రవారం, ఉదయం 8

చెప్పేశాను. గీత నాదే అన్నాను. తిట్టినా బాగుండేది. మామయ్య భూతద్దం పెట్టుకుని తనే భాగించాడు. గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు.

11:30

తలుపు తీశాడు. ప్రైము కాకపోయినా ఫెర్మా పరీక్షలన్నిట్నీ బురిడీ కొట్టించే కార్మైకేల్ సంఖ్య మొద్దూ ఇది, అన్నాడు. పది కోట్ల లోపు ప్రైములు యాభై ఏడు లక్షలకి పైనే ఉన్నాయట. ఇలాంటివి రెండు వందల యాభై అయిదేనట. మీ అత్త అంటే ఏమనుకున్నావ్, అన్నాడు. ఏడుస్తూనే అన్నాడు.

చివరి పేరా మార్చి చెప్పాడు, టైప్ చేశాను. గీత ఎవరిదో చెప్పలేదు. నేనే చేర్చాను.

బీపీ నూట డెబ్బై.

జూన్ 9, సోమవారం

బీపీ దిగాక ఆపరేషన్ అయింది. కంటికి కట్టు. ఈ ఆస్పత్రిలో తనకిచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు చదవమన్నాడు. చదివాను. మొదటి వరస నువ్వు చెయ్యి, అన్నాడు.